మామిడి రైతుల చర్చావేదికకు లక్షన్నర ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మామిడి రైతులు తమ అనుభవాలు చెప్పుకోవడానికి ఇంటర్నెట్‌లో సొంత చర్చావేదిక ఒకటి ఉండాలంటూ గత ఆదివారం మీ జిల్లా పేజీలో వ్యాసం వచ్చింది. మాట నిజమే. అయితే దానికి లక్షన్నర అవుతుందనీ, ఏదైనా కంపెనీకి అప్పగిస్తే సాఫ్ట్‌వేరూ సర్వరూ అన్నీ వాళ్లే చూసుకుంటారనీ చివర్లో రాశారు. అక్కడికి వచ్చేసరికి కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ‘అన్నీ వాళ్లే చూసుకుంటారు’ అన్న మాట నమ్మి ఒకసారి మునిగినదాన్ని. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే మన్నించండి.

చిత్తూరు కోర్టు దగ్గర 22 ఏళ్లుగా డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. అఫిడవిట్లు, అర్జీలు, పెళ్లి పత్రికలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. చదివింది బీకాం, కంప్యూటర్ ఇంజినీరింగ్ కాదు. బంగారుపాళ్యం దగ్గర అత్తగారి వైపు 4 ఎకరాల తోట ఉంది. ఎక్కువ భాగం తోతాపురి, గట్ల వెంట బేనీషా, నీలం. తోట పని మా మరిది చూస్తాడు. వేదిక పని నాది.

ఫోన్లో గ్రూపులున్నాయి కదా, వేదిక ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఉన్నాయి, మా ఒక్క మండలంలోనే నాలుగు. 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇస్తాయని ప్రకటించిన వారంలో ఆ నాలుగు గ్రూపుల్లో ఎన్ని వేల సందేశాలు పడ్డాయో చెప్పలేను. కాయలు కొనే ర్యాంపు దగ్గర క్యూ ఎంత పొడుగుంది, ఎవరి ట్రాక్టర్ ఎక్కడ ఆగింది, మధ్యలో శుభోదయం పువ్వులు. ధరల గోలకు అదే సరైన చోటు, కాదనను. కానీ తేనెమంచు పురుగుకు నిరుడు ఎవరు ఏ రోజున ఏ మందు కొట్టారో ఈ ఏడాది జనవరిలో కావాలంటే ఆ గ్రూపుల్లో వెతకడం గడ్డివాములో సూది కోసం వెతకడమే. వేదిక కావాల్సింది ఈ రెండో పనికి.

మొదటి వేదిక 2016లో పెట్టాం. తిరుపతి నుంచి వచ్చిన ఒక యువకుడు 18,000 తీసుకుని, బజారులో దొరికే సాఫ్ట్‌వేర్ ఏదీ మీకు పనికిరాదంటూ సొంతంగా ప్రోగ్రాం రాసి ఇచ్చాడు. చూడటానికి ముచ్చటగానే ఉండేది. కొన్నాళ్లకు ఒక వింత గమనించాను. కొందరి సందేశాలు ఖాళీగా వస్తున్నాయి. ఎవరివి అని చూస్తే, అంతా మర్యాదస్థులే. సందేశం మొదట్లో చేతులు జోడించిన నమస్కారం బొమ్మ పెట్టేవాళ్లు. ఆ బొమ్మ దగ్గరే సందేశం తెగిపోయేది. బొమ్మ మొదట్లో ఉంటే మొత్తం మాయం, మధ్యలో ఉంటే సగం మాయం. ఆ యువకుడు బొమ్మలు పెట్టకండని అందరికీ చెప్పాడే గానీ కారణం చెప్పలేదు. కారణం నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది.

2018 చివర్లో ఆ యువకుడికి విదేశంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. డొమైన్, అంటే వేదిక ఇంటర్నెట్ పేరు, అతని పేరు మీద, అతని ఈమెయిల్ మీద ఉంది. హోస్టింగ్, అంటే వేదికను ఉంచడానికి సర్వర్ మీద అద్దెకు తీసుకునే చోటు, అదీ అతని ఖాతాలోనే. రెన్యువల్ నోటీసులు అతనికే వెళ్లి ఉంటాయి. ఒకరోజు వేదిక తెరుచుకోలేదు. డాట్‌కామ్ పేర్లకు గడువు దాటాక కొన్ని వారాలు మామూలు రుసుముతోనూ, ఆ తర్వాత 30 రోజులు అపరాధ రుసుముతోనూ దక్కించుకునే వీలుంటుంది. అదీ దాటితే 5 రోజుల్లో పేరు మళ్లీ అంగట్లోకి వస్తుంది. డొమైన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే ఆ వీలు. డబ్బు చేతిలో పట్టుకుని నిలబడినా నాకు హక్కు లేదు. పేరు ఎవరో కొనుక్కున్నారు.

మూడు నెలలు వెంటపడితే బ్యాకప్ ఫైలు ఒకటి పంపాడు. దుకాణంలో కూర్చుని తెరిచాను. సభ్యుల పేర్లు ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నాయి. తేదీలున్నాయి. సందేశం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు. ఐరాల నుంచి మాకు వరుసకు పెదనాన్న అయ్యే ఒకాయన, బూడిద తెగులు వచ్చి పూత మాడిపోయిన ఏడాది తాను ఏం చేశాడో వివరంగా రాసిన పెద్ద సందేశం ఒకటుండేది. అంతా ప్రశ్నార్థకాలు, మధ్యమధ్య అంకెలు మాత్రం మిగిలాయి. 3. 15. 200. మూడు గ్రాములా, మూడుసార్లా, మూడో తారీఖా? అడుగుదామంటే ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు.

ఈ సంగతి వేదిక పెట్టాలనుకునే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి గనుక కాస్త విడమరిచి చెబుతాను. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్ అంకెలు కేటాయించే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 గదులు ఇచ్చారు. సందేశాలు ఉండే డేటాబేసులో దాచేటప్పుడు ఒక్కో గుర్తుకు 3 బైట్లు, అంటే కంప్యూటర్ నిల్వలో 3 చిన్న ముక్కలు, పడతాయి. ఆ బైట్లను ఐరోపా అక్షరాల లెక్కలో చదివితే తెలుగు బదులు, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు అక్షరం ఒకటి, దాని పక్కన ° గాని ± గాని, ఆ పక్కన ఇంకేదో గుర్తు, మళ్లీ అదే అక్షరం, ఇలా వరుసగా కనిపిస్తాయి. అది చూసి కంగారు పడనక్కర్లేదు. బైట్లన్నీ పదిలంగా ఉన్నాయి, చదివే తీరే తప్పింది, సరిచేయవచ్చు. ప్రశ్నార్థకం వచ్చిందంటే మాత్రం ఆ అక్షరం తనకు తెలియదని ప్రోగ్రాం దాన్ని పారేసి, దాని చోట గుర్తు పెట్టిందన్నమాట. బ్రహ్మదేవుడు దిగివచ్చినా తిరిగి రాదు. ఇక నమస్కారం బొమ్మ సంగతి. అలాంటి బొమ్మలకు 4 బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్‌లో యూటీఎఫ్8 అని పేరున్న పాత పద్ధతి 3 బైట్ల దగ్గరే ఆగిపోతుంది. 4 బైట్లు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతి 2010లోనే వచ్చినా, 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని దాన్ని ఎంచుకోవాల్సి వచ్చేది. మా యువకుడు ఎంచుకోలేదు, అంతే.

2020 లాక్‌డౌన్‌లో కోర్టు మూతపడింది, నాకు తీరిక దొరికింది. దుకాణం కంప్యూటర్ ఇంటికి తెచ్చుకుని, అందులోనే సర్వర్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, వేదికల సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటీ ఎక్కించి చూశాను. రూపాయి ఖర్చు లేదు. హోస్టింగ్ కొన్నాక చూద్దామనుకోకుండా ముందే చూడటం ఆ మూడు నెలల్లో నేను చేసిన తెలివైన పని.

అందరూ పొగిడేది డిస్కోర్స్. 2013లో ప్రకటించారు, 1.0 వెర్షన్ 2014లో వచ్చింది. ఫోన్లో చూడటానికి దాన్ని మించింది నాకు కనిపించలేదు. కానీ దానికి రూబీ, పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే వేరే సాఫ్ట్‌వేర్లు కావాలి, డాకర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ద్వారా ఎక్కించాలి, కనీసం 1 జీబీ ర్యామ్ ఉండాలి. అంటే ఒకే సర్వర్‌ను ఎందరో పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో నడవదు, మన అజమాయిషీలోనే ఉండే వర్చువల్ సర్వర్ విడిగా తీసుకోవాలి. తీసుకోవడం కష్టం కాదు. ఆ సర్వర్‌కు భద్రతా అప్‌డేట్లు వేస్తూ, అర్ధరాత్రి పడిపోతే లేపేది ఎవరు? బిడ్డ పెళ్లి పనుల్లో ఉన్నప్పుడు? ఫ్లారమ్ తేలిగ్గా ఉంది గానీ అప్పటికింకా బీటా, అంటే పరీక్ష దశలోనే ఉంది, 1.0 వచ్చింది 2021లో. జెన్‌ఫోరో, వీబులెటిన్‌లకు లైసెన్సు డబ్బు కట్టాలి. మైబీబీ, సింపుల్ మెషీన్స్ రెండూ ఉచితమే, రెండూ బాగానే ఉన్నాయి. ఇప్పటికే వర్డ్‌ప్రెస్‌తో వెబ్‌సైటు నడుపుతున్నవాళ్లకు బీబీప్రెస్ సరిపోతుంది.

నేను పీహెచ్‌పీబీబీ తీసుకున్నాను. 2000 సంవత్సరం నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, ఉచితం, పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం భాష, మైఎస్‌క్యూఎల్ ఉన్న ఏ చవక హోస్టింగ్‌లోనైనా నడుస్తుంది. మా అబ్బాయి చూసి ‘ఇది పాతకాలం దానిలా ఉందమ్మా’ అన్నాడు. నిజమే. అయితే నాకు నచ్చిన విషయం ఒకటుంది, ఎవరూ రాయరు. చాలా సాఫ్ట్‌వేర్లు చర్చ శీర్షికను చిరునామాలో పెడతాయి. ఇంగ్లీషుకు బాగుంటుంది. తెలుగు శీర్షికను ఫోన్లో అతికిస్తే ఒక్కో గుర్తు శాతం గుర్తులూ అంకెలూ కలిసి 9 అక్షరాలవుతుంది. ‘తిరుపతి’ అన్న ఒక్క మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 7 ఉన్నాయి, చిరునామాలో 63 అక్షరాలన్నమాట. శీర్షిక మొత్తమైతే ఫోన్ తెర నిండిపోతుంది, చూసినవాళ్లు వైరస్ లింకేమోనని భయపడతారు. పీహెచ్‌పీబీబీ చిరునామాలో చర్చకు ఒక నంబరు మాత్రమే ఉంటుంది. కేసు నంబరులాగా. ఇప్పుడు మా వాళ్లు తోటలో నిలబడి ఫోన్లోనే ‘412 చూడన్నా, నేను చెప్పేకన్నా అక్కడ బాగా ఉంది’ అనుకుంటున్నారు.

హోస్టింగ్ విషయంలో రెండు మాటలు. ఉచిత హోస్టింగ్ వైపు వెళ్లకండి. చాలా ఉచిత పథకాల్లో కొన్నాళ్లు ఎవరూ రాకపోతే ఖాతా తీసేస్తారు. మామిడి వేదిక పూత నుంచి కోత దాకా హోరెత్తి, ఆగస్టు తర్వాత నిద్రపోతుంది. నవంబరులో లేచి చూస్తే ఉండదు. ఇక డబ్బు కట్టేదానిలో పెద్ద అక్షరాల్లో ఉన్న ధర మొదటి విడతదే, రెన్యువల్ ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అర్జీలు టైపు చేసే చేతులు గనుక చిన్న అక్షరాలు ముందు చదవడం అలవాటు. నేను తీసుకున్నదానికి మొదటి ఏడాది 1,400, రెండో ఏడాది నుంచి 3,600. పైన 18 శాతం జీఎస్టీ. సర్వర్ ముంబైలో ఉన్నది ఎంచుకున్నాను, దూరదేశంలో ఉన్నదానికన్నా పేజీ కాస్త చురుగ్గా తెరుచుకుంటుంది. చిరునామా పక్కన తాళం గుర్తు చూపించే భద్రతా సర్టిఫికెట్‌కు విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, చాలా హోస్టింగ్‌లలో దానంతటదే వచ్చి దానంతటదే రెన్యువల్ అవుతుంది.

ఎక్కువ తిప్పలు పెట్టింది ఈమెయిల్. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ప్రతి మనిషికీ ఒక ఈమెయిల్ ఉంటుందనుకుని రాసినవి. మా రైతులకు ఫోన్ నంబరుంది, ఈమెయిల్ ఉన్నా పాస్‌వర్డ్ బెంగళూరులో ఉన్న కొడుక్కే తెలుసు. పీహెచ్‌పీబీబీలో ఒకే ఈమెయిల్ మీద ఎన్ని ఖాతాలైనా తెరవనిచ్చే సెట్టింగు ఉంది, అది ఆన్ చేశాను. ఇంటికొక ఈమెయిల్ చాలు. లేనివాళ్లకు దుకాణంలో కూర్చోబెట్టి నేనే ఖాతా తెరిచి, పేరూ పాస్‌వర్డూ పెళ్లి పత్రికల అట్ట కత్తిరింపుల మీద ముద్రించి ఇచ్చాను. చొక్కా జేబులో వారం ఉన్నా నలగవు. మొదట్లో వేదిక పంపే ఉత్తరాలు స్పామ్‌లో పడేవి. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల మంది ఉంటారు, బుట్టలో ఒక కాయ కుళ్లితే పక్క కాయలనూ అనుమానంగానే చూస్తారు. ఉత్తరం నిజంగా మా డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ వరుసలు డొమైన్ సెట్టింగుల్లో పెట్టాక చాలావరకు కుదురుకుంది.

దొంగ ఖాతాలు రెండో వారంలోనే వచ్చిపడ్డాయి. ఒక్క రాత్రిలో 140. బొమ్మలో ఉన్న వంకర అక్షరాలు గుర్తుపట్టమనే పరీక్ష పెడితే ఆ యంత్రాలు నెగ్గాయి, మా రైతులు ఓడిపోయారు. దాన్ని తీసేసి ప్రశ్న-జవాబు పద్ధతి పెట్టాను. ‘బేనీషా అంటే ఏ పండు? తెలుగులో రాయండి.’ మామిడి, మామిడి పండు, మామిడికాయ, మూడింటినీ ఒప్పుకుంటుంది. ఆ రోజు నుంచి యంత్రమన్నది గడప దాటలేదు. ఒక మనిషి మాత్రం దాటలేకపోయాడు, ‘మా తోటలో బేనీషా లేదు’ అని రాశాడట. ఆయనకు ఫోన్ చేసి నేనే తెరిచి ఇచ్చాను.

వెతుకులాట ఇప్పటికీ నాకు తృప్తిగా లేదు. ఒకే పండును తోతాపురి, తోతాపూరి, బెంగళూరా అని ముగ్గురు మూడు విధాలుగా రాస్తారు. అంతకన్నా చిక్కుది కంటికి కనిపించని గుర్తు. ‘మార్కెట్‌యార్డు’ అని టైపు చేసేటప్పుడు ట, య కలిసిపోకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పడుతుంది. అది లేకుండా కొడితే ‘మార్కెట్యార్డు’ అవుతుంది. చదివేవారికి రెండూ ఒకటే, వెతికే యంత్రానికి రెండూ వేర్వేరు. నెలకోసారి కూర్చుని ముఖ్యమైన చర్చల శీర్షికలు చేత్తో సరిచేస్తాను. ఇంతకన్నా మంచి దారి ఎవరికైనా తెలిస్తే మీ పత్రిక ద్వారానే చెప్పమనండి.

పంట ఫొటోలు ఎక్కడం లేదని మొదటి సీజన్లో అందరూ ఫిర్యాదు చేశారు. పీహెచ్‌పీ మామూలుగా 2 ఎంబీ దాటిన ఫైలును రానివ్వదు, ఇప్పటి ఫోన్ ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ఒక అంకె మార్చితే పోయేదానికి వారం పట్టింది నాకు. ఏ ఆకు మీద ఏ మచ్చ ఉందో తెలియడానికి అంత పెద్ద ఫొటో అవసరం లేదు, చిన్నది చేసి పెట్టమని నేర్పాను.

ఇప్పుడు డొమైన్ నా పేరు మీద ఉంది. పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో మా మరిది దగ్గరా, తవణంపల్లెలోని ఒక టీచర్ దగ్గరా ఉన్నాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం బ్యాకప్ దించి, దుకాణం కంప్యూటర్‌లో మళ్లీ ఎక్కించి, ఏదో ఒక పాత చర్చ తెరిచి తెలుగు తెలుగుగా ఉందో లేదో చూస్తాను. ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను, ప్రశ్నార్థకాల ఫైలు నేర్పిన బుద్ధి అది. పెద్ద కంపెనీల వేదికల మీద ఉంటే ఈ బాధ లేదంటారు. గూగుల్ వారి ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న. ముందుగా చెప్పే మూశారు, తప్పుపట్టడం లేదు. ఇల్లు వాళ్లది, మనం అద్దెకున్నాం.

కోర్టు దగ్గర ఉన్నందుకు ఒక లాభం, ఉచిత సలహాలు. ఒక నర్సరీ నకిలీ అంట్లు అమ్మిందని పేరు పెట్టి ఎవరో రాసినప్పుడు, మా పక్క గది వకీలు గారు 2021 ఐటీ నిబంధనల ప్రతి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఫిర్యాదుల అధికారి పేరు వేదికలో కనిపించాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో తెలపాలి, అప్పటి నిబంధన ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి అని చూపించారు. ఆ అధికారిని కూడా నేనే. పేరు తీసేసి, అంట్లను ఎలా గుర్తుపట్టాలో చెప్పే భాగాన్ని ఉంచాను.

ఖర్చు సంగతి. హోస్టింగ్ పన్నుతో 4,248, డొమైన్ పన్నుతో 885, మొత్తం ఏడాదికి 5,133. ఇంటికి 100 చొప్పున 60 ఇళ్లు వేసుకుంటే 6,000. మిగిలిన 867తో నిరుడు పెన్‌డ్రైవ్ కొన్నాం, టీలు తాగాం. లెక్క వేదికలోనే ఉంది, చర్చ నంబరు 3. మీ వ్యాసకర్త లక్షన్నర లెక్క ఎక్కడ తెచ్చారో అదీ ప్రచురిస్తే పక్కపక్కన పెట్టి చూస్తాం. కంపెనీకి ఇవ్వదలచుకున్నవాళ్లు ఇచ్చుకోండి, వద్దనను. కానీ డొమైన్ మీ పేరు మీద రిజిస్టర్ చేయించి ఆ రసీదు చేతికి వచ్చాకే బయానా ఇవ్వండి. ప్రోగ్రాం తానే రాస్తానని అంటే లేచి వచ్చేయండి.

ఈ ఉత్తరం యూనికోడ్‌లో టైపు చేసి పంపుతున్నాను. మీ పేజీలు దిద్దేవారు తమ ఫాంటులోకి మార్చేటప్పుడు, ‘మార్కెట్‌యార్డు’, ‘మార్కెట్యార్డు’ రెండూ ఒకేలా అచ్చు కాకుండా చూడాలని మనవి. ఒకేలా వస్తే ఆ పేరా చదివి నాకు మతి పోయిందనుకుంటారు.

ఇట్లు,
ఒక డీటీపీ కేంద్రం యజమానురాలు,
చిత్తూరు